గుట్టకింది వీధి ఉడుకు నీళ్లు

ఏప్రిల్ 6
బయట 46. నేల నీళ్లు 36.

ఈ పుస్తకం చలిబోర్డు ఇచ్చింది. రోజూ పై రెండు అంకెలు వేసి సంతకం పెడితే చాలట. పక్కన ఖాళీ జాగాలో "విశేషాలు" అని అచ్చు వేశారు. నాకు ముందునుంచీ విశేషాలు ఎక్కువ. బోర్డులో ఎవరూ చదవరని తెలుసు కాబట్టి తోచింది తోచినట్టు రాస్తాను. ఒకవేళ చదివే పుణ్యాత్ములెవరైనా ఉంటే వారికి నమస్కారం. నా పేరు వనమాల. గుట్టకింది వీధి పంపు నాది.

నాది అంటే జీతం బోర్డుది, పంపు వీధిది. పెత్తనం మాత్రం నాది.

ఎండ ముదిరిందని సైరన్ మోగి జనం తలుపులు వేసుకునేలోపు నా పని అయిపోవాలి. ముందు పంపు గదిలో జల్లెడ కడుగుతాను. తరవాత పెద్ద పైపుకు కర్ర ఆనించి, కర్రకు చెవి ఆనించి, లోపల గాలి బుడగలు ఉన్నాయేమో వింటాను. ఆ పైన ముప్పై ఎనిమిది ఇళ్లూ తిరిగి చలిపెట్టెలు చూసుకుంటాను. చలిపెట్టె గదిలోని వేడిని లాగి నీళ్లకు ఇస్తుంది. నీళ్లు బోరుగుంతల్లోకి దిగి ఆ వేడిని నేలలో వదిలేసి పైకి వస్తాయి. మళ్లీ లాగుతాయి, మళ్లీ దిగుతాయి. అంత సులువైన పనికి నాకు జీతమెందుకని ఎల్లవ్వ పెద్దమ్మ ఏడాదికోసారి అడుగుతుంది.

పోయినేడు ఇదే వారంలో నేల నీళ్లు 33. ఈ రోజు 36 చూపిస్తే మీటరు అద్దం తుడిచి మళ్లీ చూశాను. ముల్లు 36 మీదే ఉంది.

చివరింటి స్వప్నకు తొమ్మిదో నెల వచ్చింది. వాళ్లాయన మానేరు మీద సోలార్ తెప్పల దగ్గర పనిచేస్తాడు, పక్షానికోసారి వస్తాడు. రక్తపోటు ఉంది కాబట్టి గది ఇరవై ఆరు దాటనివ్వొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. "అక్కా, నా గది చల్లగనే ఉంటది గదా?" అని అడిగింది స్వప్న.

"నేనున్నంత కాలం ఉంటది" అన్నాను. ఇలాంటివి ఆలోచించకుండా అనేయడం, తరవాత వాటిని నిజం చేయడానికి పరుగులు పెట్టడం నాకు అలవాటే.

గోడ అవతల బాలామణి వదిన రైస్‌మిల్లు మూగబోయింది. వానలు పడేదాకా ఎవరూ పొగ వదలొద్దని బోర్డు ఉత్తర్వు వేసింది. ఊక పొయ్యి చల్లారింది. వదినకు అది కష్టమే. నాకు మాత్రం ఆరేసిన బట్టల మీద నల్ల నుసి పడకుండా హాయిగా ఉంది. దాచుకోవడం దేనికి, ఏడేళ్ల కిందట ఆ పొగ మీద వీధంతా ఇచ్చిన ఫిర్యాదులో మొదటి సంతకం నాదే. ఆమె మా ఆయనకు సొంత అక్క. అప్పటినుంచి ఆమె మా వీధిలో అడుగు పెట్టలేదు, నేను ఆ గేటు దాటలేదు. మా ఆయన మా ఇద్దరి మధ్య నోరు తెరవకుండా బతకడం నేర్చుకున్నాడు.

ఏప్రిల్ 11
బయట 47. నేల నీళ్లు 37.

ఎక్కడో కారుతోందనుకున్నాను. బోరు మూతలన్నీ తీసి చూశాను. ఒక్క చుక్క తడి లేదు. పైపులో ఒత్తిడి బాగుంది, మోటారు బాగుంది, జల్లెడ అద్దంలా ఉంది. అన్నీ బాగుండి జ్వరం ఉన్న మనిషిని చూసినట్టుంది.

బోర్డు ఇన్‌స్పెక్టర్ ముర్తుజా వచ్చాడు. మంచి పిల్లవాడు. చెమట తుడుచుకోకుండా కాగితం ముట్టుకోడు. అంకె చూసి ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

"అక్కా, నలభై రెండు దాటితే నా చేతుల ఏమీ ఉండదు. మెషీన్లు పేలకముందే తాళం వేయాలె. అందర్నీ పట్నం చలిసాలకు పంపాలె."

"పంపి?"

"పైపులు పీకి వేరే వీధికి ఇస్తరు. మీకు తెలువనిదా."

తెలుసు. చెరువుగట్టు వీధికి రెండేళ్ల కిందట తాళం పడింది. పదిహేను రోజుల ముచ్చటే అని సంచులు సర్దుకుని పోయారు. ఇప్పుడు ఆ ఇళ్లల్లో పావురాలు ఉంటున్నాయి. చలిసాల అంటే పెద్ద హాలు, వరసగా మంచాలు, మధ్యలో పరదాలు. అక్కడికి పోవాలంటే ఎండలో రెండు బస్సులు మారాలి. స్వప్న ఆ కడుపుతో ఎలా బస్సెక్కుతుంది?

"నలభై రెండు దాటదు" అన్నాను.

"ఎట్ల దాటదక్కా?"

"ఎట్లనో నేను చూసుకుంట. నువ్వు మంచినీళ్లు తాగు."

ఏప్రిల్ 15
బయట 47. నేల నీళ్లు 38.

పగటిపూట రెండిళ్లవాళ్లు ఒకే గదిలో కూర్చోవాలని, మిగతా చలిపెట్టెలు ఆపాలని చెప్పాను. గొణిగారు గానీ విన్నారు. తలుపు సందులకు గుడ్డలు కుక్కుతూ ఇల్లిల్లూ తిరిగాను. మామూలుగా నేను చలిపెట్టె చూసి వెళ్లిపోతాను. ఈసారి స్నానాల గదుల్లోకి కూడా వెళ్లాను, కిటికీలు మూయాలి కదా.

ఎల్లవ్వ పెద్దమ్మ స్నానాల గదిలో గోడకు ఉడుకుపెట్టె ఉంది. బోర్డు ప్రతి ఇంటికీ చలిపెట్టెతో పాటు దాన్నీ బిగించింది. అది నేల నీళ్లలోని వేడిని తోడి స్నానానికి ఇస్తుంది. పెద్దమ్మ దాని మీద ఉన్న ప్లాస్టిక్ కవరు తీయలేదు. కవరు కింద కంపెనీ అంటించిన కాగితం రంగు కూడా పోలేదు. పైన పసుపు కొమ్ములు ఆరబెట్టుకుంది.

"పెద్దమ్మా, దీన్ని ఒక్కసారన్న నడిపినవా?"

"ఎందుకు నడుపుడు? నేను నిక్షేపంగ ఉన్న గదా. ఉడుకు నీళ్లు బాలింతలకు, జరమొచ్చినోళ్లకు."

పక్కింటికి వెళ్లాను. కవరు. ఆ పక్కింటికి. కవరు, దానికి గట్టిగా దారం కూడా. ఒక ఇంట్లో ఉడుకుపెట్టె మీద దేవుడి పటం పెట్టి బొట్టు పెట్టారు. వీధి మొత్తంలో కవరు లేని పెట్టెలు రెండే. ఒకటి నాది, నేను చలికాలమంతా పొగలు కక్కే నీళ్లు పోసుకుంటానని వీధివాళ్లు నవ్వుతారు. రెండోది స్వప్నది.

పంపు గదికి తిరిగొచ్చి కూలబడ్డాను. ఎదురుగా గోడ మీద ఇత్తడి రేకు మెరుస్తోంది. "పొదుపు వీధి, ప్రథమ బహుమతి." వరసగా ఆరేళ్లు చలికాలంలో అందరికంటే తక్కువ కరెంటు వాడామని బోర్డే ఇచ్చింది. ఉడుకుపెట్టెలు నడపకపోతే కరెంటు ఎందుకు కాలుతుంది?

ఎండాకాలమంతా మా గదుల వేడిని నేలలోకి తోస్తాం. చలికాలంలో అదే వేడిని తోడుకుని స్నానాలకు వాడుకోవాలి, అప్పుడు నేల మళ్లీ చల్లబడి మే నెలకు సిద్ధంగా ఉంటుంది. ఇవ్వడమూ తీసుకోవడమూ రెండూ జరిగితేనే ఈ పంపు నడుస్తుంది. మేము ఆరేళ్లు ఇస్తూనే పోయాం. నిన్నటి అన్నం పారేయని, చిరిగిన టవల్‌ను మసిగుడ్డ చేసుకునే బుద్ధిమంతులం. పొదుపు చేసి చేసి నేలకు జ్వరం తెప్పించాం.

ఏడవాలో నవ్వాలో తెలియక నవ్వాను. జబ్బేమిటో తెలిసింది, అదే చాలు.

ఏప్రిల్ 17
బయట 48. నేల నీళ్లు 38 దాటింది.

అందరూ కవర్లు తీసి ఉడుకు నీళ్ల స్నానం చేయమన్నాను. నలభై ఎనిమిది డిగ్రీల ఎండలో ఆ మాట చెప్పినందుకు వీధి నన్ను ఎలా చూసిందో రాయను. ఎల్లవ్వ పెద్దమ్మ "దీనికి ఎండ తలకెక్కింది, నిమ్మకాయ కోయున్రి" అంది.

అయినా చేశారు. ముఖాలు ఎర్రబడి బయటికొచ్చి నన్ను తిట్టారు. ఎండాకాలం ఇంటికి ఇచ్చే నీళ్లు మనిషికి రెండు బకెట్లే. ఆ రెండు బకెట్లు కాచినంత మాత్రాన నేలకు ఏం తెలుస్తుంది? ముల్లు వెంట్రుకవాసి కదిలి మళ్లీ మొదటికొచ్చింది.

లారీలకొద్దీ ఉడుకు నీళ్లు కావాల్సినవాళ్లు ఎవరైనా ఉండాలి. అదీ ఈ ఎండల్లో. అలాంటివాళ్లు ఎవరుంటారని పంపు గది బయట నిలబడి ఆలోచిస్తుంటే గోడ అవతలినుంచి యాసంగి వడ్ల వాసన వచ్చింది. ముక్కుకు ముందు తెలిసింది, బుర్రకు తరవాత. తెలిశాక మాత్రం నాకు నోరు చేదయింది.

ఏప్రిల్ 22
బయట 48. నేల నీళ్లు 39 మీద సగం.

నాలుగు రోజులు వేరే దారి వెతికాను. లేదు. ఈ రోజు సైరన్‌కు ముందు మిల్లు గేటు దాటాను.

ఆవరణంతా వడ్ల బస్తాలు, మనిషికి రెండింతల ఎత్తు. వదిన గోదాము నీడలో బస్తా మీద కూర్చుని తల మీద తడి తువ్వాలు వేసుకుని ఉంది. ఏడేళ్లలో జుట్టంతా తెల్లబడింది. నాకు ఎందుకో బాధేసింది.

"దారి తప్పినవా?" అంది.

"లేదొదినె. నీ దగ్గరికే వచ్చిన."

"పొయ్యి బందయింది. పొగ లేదు. ఇంకేమని రాస్తవ్ ఫిర్యాదు?"

"ఈ వడ్లేం జేస్తవ్?"

"ఏం జెయ్యాలె? పచ్చివి మరబడితే అన్నీ నూకలే. ఎండకు గింజ పెళుసైంది. ఉడుకు నీళ్లల్ల నానబెడ్తెనే నిలుస్తది. నీళ్లు కాగబెడ్దామంటే పొయ్యి లేకపాయె. వానలదాక ఇవి ఇట్లనే ఉంటే పురుగు పడ్తది, ఇంతమంది రైతులకు నేనేం ముఖం జూపాలె?"

"నా దగ్గర వేడి ఎక్కువైంది వదినె. నీ దగ్గర తక్కువైంది. గోడకు బొక్క పెడితే ఇద్దరం బతుకుతం."

ఆమె తువ్వాలు తీసి పక్కన పెట్టింది. వ్యాపారం మాట వస్తే మా వదిన కోపాన్ని కాసేపు పక్కన పెట్టగలదు. "ఎంత వేడి?"

"నలభై."

"నలభైకి వడ్లు మొలకలొస్తయ్. డెబ్బై కావాలె. డెబ్బై ఉంటే ఆవిరి లేకున్నా నడుస్తది, ఎక్కువసేపు నానబెడ్త."

"డెబ్బై ఇస్త. మా వీధిల ముప్పై ఎనిమిది ఉడుకుపెట్టెలున్నయ్, కొత్తవాటి లెక్కనే ఉన్నయ్. వరసగ పెట్టి ఒకదాని నీళ్లు ఇంకోదాంట్లకు పంపితే డెబ్బై ఎక్కుతది. కరెంటు నీ కప్పు మీద సోలార్ పలకలది."

వదిన బస్తాలోంచి ఒక గింజ తీసి గోటితో గిల్లి చూసింది. తరవాత మెల్లగా అంది. "నా బియ్యం కుడితి వాసనన్నవ్. మా తమ్ముని ఇంట్ల, నా ముంగట, పదిమంది తింటుంటె."

సంతకం గురించి కాదన్నమాట. ఏడేళ్లూ నేను సంతకం గురించే అనుకున్నాను.

"అన్న" అన్నాను. "ఇప్పుడు ఆ నానుడు వాసన మా వీధిలకు నేనే పిలిచి తెచ్చుకుంటున్న. ఇంతకంటె ఏం గావాలె నీకు?"

వదిన పెదవి ఒక పక్కకు కదిలింది. అది నవ్వేనని మా ఆయన అంటాడు.

"ఒకటి గావాలె. వడ్లు ఎల్లినంక మీ అన్ని ఇండ్లల్ల ఒక్కపూట నా ఉప్పుడు బియ్యమే వండాలె. మొదటి ముద్ద నువ్వు తినాలె, నా ముంగట."

"తింట."

"ముక్కు మూసుకోవద్దు."

"మూసుకోను."

గేటు దాకా వచ్చాక వెనకనుంచి అడిగింది. "చివరింటి పిల్ల ఎట్లున్నది? నెలలు నిండినయంట గదా." ఈ చుట్టుపక్కల ఏ ఇంట్లో పసిబిడ్డ పుట్టినా కాళ్ల మీద పడుకోబెట్టుకుని స్నానం పోసేది మా వదినే. ఏడేళ్లుగా మా వీధి పిల్లలకే ఆ చేతులు దక్కలేదు.

ఏప్రిల్ 24
బయట 49. నేల నీళ్లు 40 మీద సగం.

గోడకు బొక్క పెట్టాం. మొదటి గునపం పోటు వదిన నన్నే వేయమంది, వేశాను. ఇటుకలు పడుతుంటే ఇద్దరికీ దుమ్ము పట్టి ఒకరి ముఖం ఒకరికి తెలియలేదు.

వీధిలోని ఉడుకుపెట్టెలన్నీ విప్పి తోపుడుబండి మీద మిల్లుకు చేర్చాం. ఒక్క ఎల్లవ్వ పెద్దమ్మే పేచీ పెట్టింది. "కొత్తది బిడ్డా. గీతలు పడ్తయ్." నేనే విప్పి, నేనే మోసి, "మళ్ల నీ గోడకు నేనే బిగిస్త" అని ఒట్టేశాక ఊరుకుంది. పెట్టె వెనకాలే మిల్లుదాకా నడిచి వచ్చి దాన్ని ఎక్కడ పెడుతున్నానో చూసుకుంది.

పైపు గోడలోంచి వెళ్లేచోట కిందికి జారుతోంది. ఎత్తు పెట్టడానికి గట్టి రేకు కావాలి. పంపు గదికి వెళ్లి పొదుపు బహుమతి ఊడబీకి తెచ్చి పైపు కింద దోపాను. కొలిచి చేసినట్టు సరిపోయింది.

ఏప్రిల్ 26
బయట 49. నేల నీళ్లు పొద్దున 41 మీద సగం.

ఈ రోజు జరిగింది వరసగా రాస్తాను.

పైపుల అతుకులు పొద్దున్నే పూర్తయ్యాయి. అప్పుడే ముర్తుజా తాళం, సీలు పట్టుకుని వచ్చాడు. జనాన్ని ఎక్కించుకోవడానికి బోర్డు బస్సు వీధి మొదట్లో ఆగి ఉంది. "అక్కా, నలభై రెండు చూసిన క్షణం నేను స్విచ్చి ఆపాల్సిందే. మీ మీద కోపంతోని కాదు" అన్నాడు. నేను పంపు గదిలోని ముల్లు వైపు వేలు చూపించి, చూస్తూ కూర్చోమన్నాను.

అదే సమయానికి స్వప్నకు నొప్పులు మొదలయ్యాయి. నర్సమ్మ వచ్చింది. గది ఇరవై ఆరులో ఉంది, అలాగే ఉంచమంది. సరేనని తలూపి మిల్లుకు పరుగెత్తాను.

మిల్లులో నీళ్లు వదిలాం. మొదటి తొట్టిలో వడ్లు పోసి ఉన్నాయి. ఉడుకుపెట్టెలు ఒకదాని వెంట ఒకటి మూలగడం మొదలుపెట్టాయి. చివరి గొట్టం నుంచి పడే నీళ్లు ముందు గోరువెచ్చగా, తరవాత చేయి పెట్టలేనంతగా వేడెక్కాయి. వదిన తొట్టిలోకి వంగి వాసన చూసి "ఎక్కుతున్నది" అంది.

అంతలో అన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

గోడ అవతలినుంచి ముర్తుజా గొంతు. "అక్కా, నలభై ఒకటి ముప్పావు దాటింది."

వరసలో ఒక్క పెట్టె ఆగినా అన్నీ ఆగేలా నేనే కలిపాను, లేకపోతే కాలిపోతాయి. ఆగింది ఏదో వెతకాలి. పెట్టె పెట్టెకూ చేయి ఆనించుకుంటూ పరుగెత్తాను. ఒకటి వెచ్చగా, ఒకటి వెచ్చగా, ఒకటి వెచ్చగా. గోదాము మూలన ఉన్నదాని మీద చేయి పెట్టి వెనక్కి లాక్కున్నాను. నిప్పులా ఉంది.

దాని మీద ప్లాస్టిక్ కవరు ఉంది. నేను తీసిన కవరే. మిల్లు దుమ్ము పడకుండా ఎవరో మళ్లీ తొడిగి, దారంతో మూడు ముళ్లు వేశారు. గాలి ఆడక ఊపిరి బిగపట్టింది పాపం.

"పెద్దమ్మా" అని నేను అరవలేదు. అరిచే తీరిక లేదు. ముళ్లు రాకపోతే పళ్లతో కొరికాను. కవరు చీల్చి అవతల పడేశాను. వదిన తన తల మీది తడి తువ్వాలు తీసి పెట్టె మీద కప్పి, అట్టముక్కతో విసరడం మొదలుపెట్టింది. ఇద్దరం పెట్టెకు చెరోవైపు కూర్చుని బాలింతకు విసిరినట్టు విసిరాం.

"ఇంకెంతసేపే?" అంది వదిన.

"చల్లారినంక అదే లేస్తది."

"లెవ్వకుంటె?"

"లేస్తది వదినె. లెవ్వకుంటె నేను ఊకోను."

గోడ అవతల ముర్తుజా ఇక అంకెలు చెప్పడం మానేశాడు. చెప్పలేక మానేశాడని నాకు అర్థమైంది. పెట్టె ఒకసారి గురక పెట్టింది. రెండోసారి పెట్టింది. మూడోసారి మూలిగింది. దాని వెంట వరసంతా మూలిగింది.

నేను గోడ బొక్కలోంచి దూరి పంపు గదికి పరుగెత్తాను. మోచేతులు గీరుకుపోయాయి. ముర్తుజా స్విచ్చి మీద చేయి పెట్టి నిలబడి ఉన్నాడు. ముల్లు నలభై రెండు గీతకు తగిలీ తగలనట్టుంది. ఇద్దరం దాన్నే చూశాం. అది కదలలేదు. ఎక్కడం ఆగింది. ముర్తుజా చెమట తుడుచుకున్నాడు, స్విచ్చి మీది చేతితోనే. ఆ చేయి మళ్లీ స్విచ్చి మీదికి వెళ్లలేదు.

సాయంత్రానికి 41 మీద ముప్పావు. బస్సు ఖాళీగా వెళ్లిపోయింది.

పొద్దు గూకేవేళ స్వప్నకు ఆడపిల్ల పుట్టింది. గది ఇరవై ఆరు.

ఏప్రిల్ 27
బయట 48. నేల నీళ్లు 41.

పొద్దున్నే వదిన గోడ బొక్కలోంచి చీర కొంగు దోపుకుని వచ్చింది. చేతిలో మిల్లు తొట్టిలో పడకముందే గొట్టం దగ్గర పట్టిన ఉడుకు నీళ్ల క్యాను. ఏడేళ్ల తరవాత మా వీధిలో అడుగు. ఎవరికీ ఏమీ చెప్పలేదు, నేరుగా చివరింటికి నడిచింది.

పీట మీద కూర్చుని కాళ్లు చాపి బిడ్డను పడుకోబెట్టుకుంది. నీళ్లకు చల్లనీళ్లు కలిపి మోచేతితో చూసి, చెంబుతో సన్నని ధారగా పోసింది. బిడ్డ మొదట గుక్కపట్టింది, తరవాత కళ్లు మూసుకుని ఊరుకుంది. స్వప్న గోడకు ఆనుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, రాస్తే సిగ్గేముంది.

ఎల్లవ్వ పెద్దమ్మ గుమ్మం దగ్గర నిలబడి అంది. "ఉడుకు నీళ్లు బాలింతలకని నేను ముందే చెప్పిన గదనే."

కవరు సంగతి ఆమెతో ఎవరూ ఎత్తలేదు. వదిన మాత్రం ఆ కవరును మడిచి తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. పెద్దమ్మ దాన్ని చీరలో దాచుకుంది, దేనికైనా పనికొస్తుందని.

మే 20
బయట 47. నేల నీళ్లు 39.

వదిన వడ్లన్నీ నానాయి, ఆరాయి, మరపడ్డాయి. గింజ విరగలేదు. మిల్లు ముందు లారీలు బారులు తీరాయి.

ఈ రోజు వీధంతా ఉప్పుడు బియ్యం వండింది. వదిన మా ఇంట్లో నా ఎదురుగా కూర్చుంది. మొదటి ముద్ద తిన్నాను, ముక్కు మూసుకోలేదు. వాసన ఉంది. చింతకాయ పచ్చడితో బాగానే ఉంది కూడా. ఆ రెండో మాట నేను పైకి అనకముందే రెండోసారి వడ్డించింది.

"కుడితి వాసనేనా?" అంది.

"కుడితి వాసనే. ఇంకొంచెం పెట్టు."

మా ఆయన ఏడేళ్ల తరవాత భోజనం దగ్గర నోరు తెరిచి మాట్లాడాడు. ఏం మాట్లాడాడో గుర్తులేదు గానీ గొంతు విని అందరం తలెత్తి చూశాం.

జనవరి 3
బయట 17. నేల నీళ్లు 32, దిగుతోంది.

ఉడుకుపెట్టెలన్నీ తిరిగి ఎవరి గోడల మీద వారికి బిగించాను. మానేరు నిండింది కాబట్టి నీళ్లకు కరువు లేదు. వీధిలో కొత్త కట్టుబాటు పెట్టాను. చలికాలం పోయేదాకా ఇంటిల్లిపాదీ ఉడుకు నీళ్ల స్నానం చేయాలి, గిన్నెలూ బట్టలూ ఉడుకు నీళ్లలో కడగాలి. ఈసారి పొదుపు బహుమతి మాకు రాదు. రావద్దు కూడా. ఆ పాత రేకు ఇప్పటికీ గోడ బొక్కలో పైపు కిందే ఉంది.

అందరూ చేస్తున్నారు, ఒక్క ఎల్లవ్వ పెద్దమ్మ తప్ప. చన్నీళ్లు రెండు చెంబులు గుమ్మరించుకుని ఉడుకు నీళ్లు పోసుకున్నానని అబద్ధం చెబుతోంది. ముఖం చూస్తే నాకు తెలియదా. ఈ పొద్దున స్వప్న కూతురిని చంకన వేసుకుని ఆమె ఇంటికి వెళ్లాను. నేనే పెట్టె తిప్పి, బకెట్ నింపి, పీట వేసి కూర్చోబెట్టాను. తలుపు బయట నిలబడ్డాను.

మొదటి చెంబు చప్పుడు వినిపించింది. తరవాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. నాకు భయమేసింది.

"పెద్దమ్మా?"

"ఉన్ననే" అంది లోపలినుంచి. "నడుము మీద పడంగనే ఇట్ల హాయిగుంటదని నాకు తెల్వదే. ఇన్నేండ్లు తెల్వదు."

నేను పిల్లను ఇంకో చంకకు మార్చుకున్నాను.

కాసేపటికి మళ్లీ ఆమే అడిగింది, ఎవరైనా వింటారేమో అన్నట్టు చిన్నగా. "వనమాలా, ఇంకో చెంబు పోసుకోవచ్చునా?"

చంకలో పిల్ల నా చెవి కమ్మ లాగుతోంది. "పోసుకో పెద్దమ్మా" అన్నాను. "నువ్వు పోసుకుంటెనే వచ్చే ఎండాకాలం ఈ పిల్ల గది సల్లగుంటది. ఎన్నయితే అన్ని పోసుకో."

లోపల నీళ్లు పడ్డాయి. తరవాత అడగకుండానే ఇంకో చెంబు పడింది, దాని వెంట ఇంకొకటి.